రెయిలింగు సూటబ్లీ బిగించబడును

మానవజాతి ఇంతవరకు తయారుచేసిన యంత్రాలన్నింటిలోకీ గొప్పది రైలూ కాదు, విమానమూ కాదు. ఎవరూ ఏమీ చేయకుండానే అంతా జరిగిపోతున్నట్టు వినిపించే ఇంగ్లీషు వాక్యం. రైలుకు బొగ్గో కరెంటో కావాలి. ఈ వాక్యానికి ముందొక 'ఇఫ్', వెనకొక పాసివ్ క్రియ, ఆ క్రియ నడుమ ఇరుక్కుని ఒక అడ్వెర్బ్ ఉంటే చాలు. పాము చావదు, కర్ర విరగదు, ఫైలు మాత్రం ముందుకు నడుస్తుంది.

ఆ యంత్రాన్ని అహర్నిశలూ (అంటే పది నుంచి అయిదు దాకా, టీ వేళలు మినహాయించి) నడిపే కార్యాలయం ఒకటుంది. ఉద్యోగుల క్వార్టర్సు బాగోగులు చూడటం దాని పని. కుళాయి కారినా, గోడ చెమ్మగిల్లినా, తలుపు ఊడినా జనం అక్కడికే రాసుకుంటారు. వాళ్ళు ఏ భాషలో రాసుకున్నా జవాబు ఇంగ్లీషులోనే వెళ్తుంది. ఇంగ్లీషే ఎందుకని ఒక పెద్దమనిషి నిలదీశాడు. ఆయనకు ఇంగ్లీషులో జవాబు వెళ్ళింది.

జవాబు తయారీకి మూడంతస్తుల పద్ధతి ఉంది. కింది అంతస్తులో ఇఫ్ సెక్షను. 'కుళాయి బాగుచేస్తాం' అని ఎవరైనా తొందరపడి రాసేస్తే, అక్కడ దాని నెత్తిన 'కుళాయి కారుతున్నట్లయితే' అని ఒక ఇఫ్ పెడతారు. మధ్య అంతస్తులో పాసివ్ సెక్షను. 'బాగుచేస్తాం' అంటే ఆ చేసేదెవరని రేపు ఎవరైనా అడగవచ్చు కదా! అందుకని అక్కడ కర్తను చెయ్యి పట్టుకుని మర్యాదగా బయటికి పంపేసి, 'బాగుచేయబడును' అని మిగులుస్తారు. (ఆ సెక్షను హాజరుపట్టీ కూడా అదే పద్ధతిలో నడుస్తుంది. సంతకాలు పెట్టబడి ఉంటాయి, పెట్టినవాళ్ళు కనిపించరు.) పై అంతస్తులో అడ్వెర్బ్ సెక్షను. మన కథానాయకుడు అక్కడే కూర్చుంటాడు.

ఆయన అసలు పేరు జీతం బిల్లు మీద తప్ప మరెక్కడా మిగల్లేదు. ఆఫీసంతా ఆయన్ని డ్యూలీ గారంటుంది. 'డ్యూలీ' అంటే 'తగిన రీతిలో' అని అర్థం. ఏ రీతి తగినదో ఎవరూ ఇంతవరకు తేల్చలేదు గనుక ఎక్కడ పెట్టినా అతుకుతుంది. ఇంగ్లీషులో పాసివ్ క్రియ రెండు ముక్కలుగా వస్తుంది. ముందు ముక్క 'ఈజ్' కావచ్చు, 'బి' కావచ్చు, 'బీన్' కావచ్చు; వెనక ముక్క అసలు పనేమిటో చెబుతుంది. ఆ రెండింటి మధ్యా ఒక ఖాళీ కుర్చీ ఉంటుంది. అందులో ఏ అడ్వెర్బును కూర్చోబెట్టాలో తేల్చడమే డ్యూలీ గారి ఉద్యోగం. ఉత్త 'ఎగ్జామిన్డ్' అంటే పరిశీలించబడును, అంతే. అదే 'కేర్‌ఫుల్లీ ఎగ్జామిన్డ్' అన్నారనుకోండి, ఫిర్యాదు చేసినవాడి కళ్ళకు ఎవరో పెద్ద ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుంటూ కనిపిస్తాడు. చూసేవాడు లేకపోయినా చూపు శ్రద్ధగా ఉంటుంది. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో ఆ కుర్చీల పనిలో చేరిన డ్యూలీ గారికి ఇప్పుడు నలుపూ లేదు, జుట్టూ లేదు, పని మీద మోజు మాత్రం తగ్గలేదు.

అడ్వెర్బులు అడిగినవాడికల్లా ఇచ్చేవి కావు. 'డ్యూలీ' ఎవరైనా ఎంతైనా వాడుకోవచ్చు. 'సూటబ్లీ'కి సెక్షను హెడ్డు సంతకం కావాలి. 'కైండ్లీ' జనం వాడుకోవడానికే తప్ప ఆఫీసు వాడరాదు. ఇక 'ఇమ్మీడియట్లీ' ఇనప బీరువాలో ఉంటుంది. ఆ బీరువాకు రెండు తాళాలు. ఒక చెవి డ్యూలీ గారి మొలతాడుకు, రెండోది శాఖాధిపతి పెద్దసారు సొరుగులో.

దాన్ని బీరువాకెక్కించడానికి బలమైన కారణమే ఉంది. వెనకటికి కొత్తగా చేరిన గుమస్తా ఒకడు తెలియక ఓ జవాబులో 'ఇమ్మీడియట్లీ' పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే ఒక ముసలావిడ ఆ కాగితం పట్టుకొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

"ఏం పని మీద వచ్చారమ్మా?" అని అడిగారు.

"పనేం లేదు నాయనా. వెంటనే అన్నారుగా, చూసిపోదామని."

ఆవిడ రోజూ రావడం మొదలుపెట్టింది, క్యారేజీ కట్టుకుని మరీ. పొమ్మనడానికి లేదు, కాగితం మీద సంతకం ఉంది. చివరికి ఆవిడ ఇంటి తలుపు నిజంగానే బాగుచేయాల్సి వచ్చింది. ఆ మచ్చ ఆఫీసు చరిత్రలో ఇప్పటికీ చెరగలేదు.

ఇలా ఉండగా ఒకరోజు డ్యూలీ గారి బల్ల మీదికి ఒక మెట్ల రెయిలింగు వచ్చింది. రెయిలింగంటే రెయిలింగు కాదు, దాని తాలూకు వాక్యం. ఎవరో ఇల్లాలు తెలుగులో రాసుకుంది: 'మా మెట్ల రెయిలింగు మరలు ఊడిపోతున్నాయి. పట్టుకుంటే చేతిలోకి వచ్చేస్తోంది. ఎవరైనా పడకముందే వచ్చి బిగించండి.' కింది రెండు అంతస్తులూ దాటేసరికి అది ఇంగ్లీషయింది, ఇఫ్ పెట్టించుకుంది, కర్తను పోగొట్టుకుంది, రెండు ఖాళీ కుర్చీలతో పైకొచ్చింది. ఫిర్యాదు ఎవరిది, ఏ ఇంటిది అని అడ్వెర్బ్ సెక్షను చూడకూడదు. చూస్తే మనసు మెత్తబడి అడ్వెర్బు గట్టిపడుతుందని నియమావళిలో ఉంది.

డ్యూలీ గారు టీ తాగుతూ ఆలోచించి మొదటి కుర్చీలో 'శాటిస్ఫాక్టరిలీ'ని, రెండో కుర్చీలో సెక్షను హెడ్డు సంతకంతో 'సూటబ్లీ'ని కూర్చోబెట్టారు. 'ఇఫ్ ది లూజ్‌నెస్ ఈజ్ శాటిస్ఫాక్టరిలీ ప్రూవ్డ్, ది రెయిలింగ్ విల్ బి సూటబ్లీ రిపేర్డ్.' వదులుదనం సంతృప్తికరంగా రుజువు చేయబడినట్లయితే, రెయిలింగు తగువిధంగా బాగుచేయబడును. ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నారు. ఇలాంటి వాక్యం కుదిరిన రోజున ఆయనకు ఆకలి కూడా బాగా వేస్తుంది.

వారం తిరిగేసరికి ఆ ఉత్తరం చేరాల్సిన చోటికి చేరింది. సాయంత్రం డ్యూలీ గారు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే, ఆయన భార్య కుట్టుమిషను మీంచి లేవకుండానే ఒక కవరు చాపింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆ పేటలో సగం రవికలు ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవే.

"ఏవండీ, మీ ఆఫీసు నుంచి ఏదో వచ్చింది. ఏమన్నారో చెప్పండి."

డ్యూలీ గారు నిలబడే చదివారు. చదువుతూ చదువుతూ కూర్చున్నారు. "అబ్బ! ఎవరో గానీ మంచి చెయ్యి తిరిగినవాడు. ఆ శాటిస్ఫాక్టరిలీ చూశావూ, ఎంత ఒదిగి కూర్చుందో!"

"మీ సెక్షనులో అంత చెయ్యి తిరిగినవాళ్ళు మీరు కాక ఇంకెవరున్నారండీ?"

ఆయన మళ్ళీ చూశారు. బ్లాకు నంబరు తమదే. మెట్లు తమవే. పొద్దున దిగి సాయంత్రం ఎక్కే మెట్లే. ఫిర్యాదు చేసిన ఇల్లాలు ఎదురుగా కూర్చుని దారం కొరుకుతోంది.

"నాకో మాట చెప్పచ్చు కదే!"

"నాలుగుసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా 'రాతపూర్వకంగా ఇవ్వాలి' అన్నారు. ఇచ్చాను. సరే, ఎప్పుడు బిగిస్తారట?"

"వదులుగా ఉన్నట్టు రుజువైతే."

"రుజువెవరు చేస్తారు?"

"చేయబడుతుంది."

"అదే, ఎవరొచ్చి చేస్తారని?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న డ్యూలీ గారిని ఎవరూ అడగలేదు. ఆవిడ మిషను సొరుగు లాగి చిన్న స్క్రూడ్రైవరు తీసింది. "ఇదంతా ఎందుకు గానీ, మిషనుది ఉందిగా, నేనే వెళ్ళి బిగించేస్తా. ఎంతసేపు?"

"అమ్మో!" ఆయన ఒక్క అంగలో వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "అది ఆఫీసు ఆస్తి. మనం ముట్టుకోకూడదు. పైగా ఫిర్యాదు విచారణలో ఉంది. నా ఉద్యోగానికి ఎసరు పెట్టకు."

ఆవిడ స్క్రూడ్రైవరు సొరుగులో పడేసి మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. మిషను ఆ పూట మామూలు కంటే గట్టిగా మోగింది.

ఆ తర్వాత ఆదివారం పొద్దున ఆవిడ కుట్టిన బట్టల మూట చంకన పెట్టుకుని మెట్లు దిగుతోంది. డ్యూలీ గారు కూరల సంచీతో ఎక్కుతున్నారు. ఆవిడ మూట సర్దుకోవడానికి రెయిలింగు మీద చెయ్యి వేసింది. రెయిలింగు ఆవిడతోపాటే బయల్దేరింది. రవికలన్నీ మెట్ల మీద పరుచుకున్నాయి. ఆవిడ కుడి మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుని, పళ్ళు బిగించుకుని, మలుపు దగ్గర కూలబడింది.

"ఏవండీ," అంది. "రుజువైంది."

మణికట్టు ఎముక విరిగిందన్నారు ఆస్పత్రిలో. కట్టు వేసి, కత్తెర ముట్టుకోవద్దన్నారు. డ్యూలీ గారు ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని తన చేతుల వంక చూసుకున్నారు. రెండూ బాగానే ఉన్నాయి. అది ఆయనకు సిగ్గుగా అనిపించింది.

ఆఫీసులో ఈ వార్త సంచలనమే లేపింది. ఒక వాక్యంలోని ఇఫ్ నిజంగా జరిగిపోవడం అదే మొదటిసారి. పెద్దసారు వెంటనే (ఆ మాట వాడకుండా) ఒక కమిటీ వేశారు. కమిటీ మెట్ల దగ్గరికి వెళ్ళలేదు, వెళ్తే పడే ప్రమాదం ఉందని. కూర్చున్న చోటే లోతుగా ఆలోచించి తేల్చింది: కదిలి కింద పడినది మనిషి గనుక, వదులుగా ఉన్నది మనిషేనని భావించబడును. పైగా ఒక్క మణికట్టే విరిగింది గనుక రుజువు సంతృప్తికరంగా ఉన్నట్టు చెప్పజాలము.

దాని మీద రాసిన కొత్త జవాబు రెండు ఖాళీ కుర్చీలతో డ్యూలీ గారి బల్ల మీదికి వచ్చింది. 'ఇఫ్ ది రెయిలింగ్ హాడ్ బీన్ ఖాళీ హెల్డ్, ది ఫాల్ వుడ్ హావ్ బీన్ ఖాళీ అవాయిడెడ్.' రెయిలింగు ఎలాగో ఒకలా పట్టుకోబడి ఉండినట్లయితే, పడిపోవడం ఎలాగో ఒకలా తప్పించబడి ఉండేది. జరిగిపోయినదాని మీద వేసే ఈ రకం ఇఫ్ అంటే ఆఫీసుకు ప్రాణం. ఎందుకంటే దాని మీద ఇక ఎవరూ చేయగలిగిందేమీ ఉండదు.

మామూలుగా అయితే అది టీ చల్లారేలోగా అయ్యే పని. 'కేర్‌ఫుల్లీ' అక్కడ, 'ఈజిలీ' ఇక్కడ. జాగ్రత్తగా పట్టుకుని ఉంటే తేలిగ్గా తప్పిపోయేది. కలం మొదటి కుర్చీ దాకా వెళ్ళింది. అక్కడ పొద్దున తాను చూసిన దృశ్యం కూర్చుని ఉంది. భార్య ఎడమ చేత్తో సూదిలో దారం ఎక్కించాలని చూస్తోంది. దారం ఎంతకీ ఎక్కదు. ఆవిడ ఊరుకునే రకం కాదు, మొండిది. మళ్ళీ తడి చేసి మళ్ళీ చూస్తుంది. సగం కుట్టిన బట్టలు కొక్కేనికి వేలాడుతున్నాయి. 'జాగ్రత్తగా' అన్న మాట అంత అన్యాయంగా ఉండగలదని డ్యూలీ గారికి అంతకుముందు తెలియదు.

ఆయన లేచి పెద్దసారు గదిలోకి వెళ్ళారు.

"సార్, బీరువా తెరుద్దాం."

"ఎందుకయ్యా?"

"ఇమ్మీడియట్లీ కావాలి సార్. రెయిలింగు బాగుచేయబడాలి."

పెద్దసారు చాలా బాధపడ్డారు. "చూడు డ్యూలీ, నీ బాధ నాకు తెలియందా? మా ఆవిడ కూడా మెట్లు దిగుతుంది. కానీ ఒక మనిషి పడ్డదని బీరువా తెరిస్తే, రేపు క్వార్టర్సులో అందరూ పడటం మొదలుపెడతారు. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు చెప్పు? డ్యూలీ పెట్టుకో. కావలసినన్ని పెట్టుకో, ఎవరూ లెక్క అడగరు."

డ్యూలీ గారు బల్ల దగ్గరికొచ్చారు. జీవితంలో మొదటిసారి రెండు కుర్చీలూ ఖాళీగా వదిలేసి, ఫైలు మూసి, గొడుగు తీసుకుని ఇంటికి నడిచారు. గుమ్మంలోకి వస్తూనే మిషను సొరుగు లాగారు.

"ఏం వెతుకుతున్నారు?" అంది భార్య.

"స్క్రూడ్రైవరు."

ఆవిడ ఆయన వెనకే వచ్చి మెట్టు మీద కూర్చుంది. డ్యూలీ గారు మోకాళ్ళ మీద వంగారు. ఆయన చేతుల్లో అడ్వెర్బులు ఆడినంత తేలిగ్గా స్క్రూడ్రైవరు ఆడలేదు. మర రెండుసార్లు జారి మెట్ల మీద దొర్లింది.

"అటు కాదండీ, అటు తిప్పితే ఊడుతుంది. ఇటు."

"ఇటా?"

"ఆ. ఇంకాస్త నొక్కి పట్టండి. మిషను పెడలు బిగించేటప్పుడు నేనెలా బిగిస్తాను, అలాగ."

చొక్కా చెమటతో తడిసింది, అరచెయ్యి కంది పొక్కింది. చివరి మర బిగిశాక ఆయన లేచి రెయిలింగును పట్టుకుని ఊపారు. అది ఊగలేదు. మళ్ళీ ఊపారు. ఒక వస్తువు ఊగకుండా నిలబడటంలో ఇంత సంతోషం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎడమ చెయ్యి దాని మీద ఆనించి నాలుగు మెట్లు దిగి, నాలుగు మెట్లు ఎక్కింది. ఊరికే.

"దీనికా ఇన్నాళ్ళు!" అని నవ్వింది. కట్టు పడ్డాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

విషయం దాగలేదు. వదులుదనాన్ని కొలవడానికి కమిటీ ఎట్టకేలకు మెట్ల దాకా వచ్చింది. కొలవడానికి వదులుదనం లేదు. ఆఫీసు అట్టుడికింది. ఊడిన తలుపులు, కారే కుళాయిలు, కూలే గోడలు ఎన్నింటినో చూసిన ఆఫీసు అది. వాటిలో దేన్ని గురించీ 'ఎవరు?' అని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు అడిగింది. డ్యూలీ గారికి మెమో వచ్చింది. 'హూ టైటెన్డ్ ది స్క్రూస్?' మరలు ఎవరు బిగించారు?

డ్యూలీ గారు ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి భార్యకు చూపించారు. "ఇఫ్ లేదు. పాసివ్ లేదు. కర్త కావాలంటున్నారు."

"మీవాళ్ళకి సూటిగా అడగడం కూడా వచ్చే! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారు?" అందావిడ. "మరి ఏం రాస్తారు?"

మరలు పొరపాటున బిగించబడి ఉన్నట్లయితే విచారించబడును అని రాయడం ఆయనకు క్షణం పని. అలా రాస్తే ఎవరికీ ఏమీ కాదు. డ్యూలీ గారు తెల్ల కాగితం తీసుకున్నారు. దాని మీద మూడే మాటలు రాశారు. 'ఐ టైటెన్డ్ దెమ్.' నేనే బిగించాను.

"అంతేనా? మధ్యలో ఏమీ పెట్టరా?"

"ఇందులో ఖాళీ కుర్చీ లేదు," అన్నారు డ్యూలీ గారు. ఆ రోజు ఆయన అన్నం మారు వడ్డించుకున్నారు.

ఆ జవాబు పెద్దసారు బల్ల మీదికి వెళ్ళిన మర్నాడు పొద్దున అడ్వెర్బ్ సెక్షనులో అందరూ లేచి నిలబడ్డారు. పెద్దసారే స్వయంగా మెట్లెక్కి వచ్చారు, చేతిలో తాళంచెవితో. "డ్యూలీ, నీ చెవి కూడా ఇవ్వు. బీరువా తెరవాలి." మొలతాడు ముడి ఎంతకీ రాక, పక్క బల్ల ఆయన సాయం పట్టాల్సి వచ్చింది. బీరువా కీచుమంటూ తెరుచుకుంది. మూడు మాటలు సూటిగా రాస్తే ఇంత పని జరుగుతుందా అని ఆయన కళ్ళు చెమర్చాయి. పెద్దసారును అడిగి మధ్యాహ్నమే ఇంటికొచ్చేశారు.

"ఇమ్మీడియట్లీ బయటికి తీశారే!" అని గుమ్మంలోంచే కేకేశారు. "నా చేత్తో నేను తాళంచెవి ఇచ్చాను. ఇక అన్ని బ్లాకుల రెయిలింగులూ బిగించేస్తారు చూడు."

ఆవిడ ఏదో అనబోతుండగా కింద మెట్ల దగ్గర ఇనుము మీద ఇనుము చప్పుడైంది. ఇద్దరూ బయటికొచ్చి చూశారు. ఖాకీ చొక్కా మేస్త్రీ ఒకడు పెద్ద స్క్రూడ్రైవరుతో రెయిలింగు దగ్గర వంగి ఉన్నాడు. ఆ ముసలావిడ తలుపు తర్వాత, ఆఫీసు తరఫున ఒక మనిషి పనిముట్టుతో రావడం ఆ క్వార్టర్సులో మళ్ళీ అదే. పై ఇళ్ళవాళ్ళు కూడా తొంగి చూస్తున్నారు.

"గట్టిగానే ఉంది కదయ్యా, నేను బిగించాను," అన్నారు డ్యూలీ గారు.

"అందుకేగా సార్ వచ్చాను." మేస్త్రీ జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. 'ఇఫ్ ది స్క్రూస్ ఆర్ ఫౌండ్ టైటెన్డ్, దే విల్ బి ఇమ్మీడియట్లీ లూజెన్డ్.' మరలు బిగించబడి ఉన్నట్లయితే, అవి తక్షణమే వదులు చేయబడును. "వదులుగా ఉంటేనే గానీ ఫిర్యాదు మీద విచారణకి వీలుకాదట సార్. మునుపు ఉన్నట్టే చేసిపెట్టి రమ్మన్నారు."

మేస్త్రీ పనిమంతుడు. డ్యూలీ గారికి పూటంతా పట్టిన పని అతనికి క్షణాల్లో అయిపోయింది. రెయిలింగు ఊపి చూసుకున్నాడు. అది బాగా ఊగింది. సామాను సంచీలో సర్దుకుని, పైన కట్టు కట్టిన చేత్తో నిలబడ్డ ఇల్లాలిని చూసి ఆగాడు. మనసున్న మనిషి.

"జాగ్రత్తగా దిగండమ్మా," అన్నాడు. "రెయిలింగు వదులుగా ఉంది."